ఉప్పునీళ్ళు మాగేదాకా

"దాన్ని చంపడానికి ఎంత తీసుకుంటున్నారు?"

ఆ ప్రశ్న అడిగింది కొట్టు యజమానిని. గుచ్చుకున్నది మాత్రం పర్సు తీసి కౌంటరు ముందు నిలబడ్డ కుర్రాడికి.

వెనక్కి తిరిగాడు. ఒకమ్మాయి. పెద్ద ఉప్పు సంచీని చంటిపిల్లలా చంకనెత్తుకుని నిలబడింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయింది. చేతులు ఖాళీ లేక, దాన్ని పైకి జరపడానికి ముక్కు ముడుస్తూ మూతి తిప్పుతోంది. చూడ్డానికి వెక్కిరిస్తున్నట్టుంది. వెక్కిరిస్తోంది కూడా.

"నేను చేపని పెంచుకోడానికి కొంటున్నానండీ. వండుకోడానికి కాదు," అన్నాడు.

"వండుకుంటే నయం. దానికి ఒక్క నిమిషంలో విముక్తి. మీరు రోజుల తరబడి కడుపు మాడ్చి చంపబోతున్నారు."

గాజు వెనక ఆ చేప మాత్రం ఈ గొడవతో తనకేం సంబంధం లేనట్టు రాయి మీద వాలి ఉంది. వేలెడంత ప్రాణి. నీలం ఒంటి మీద నారింజ మెలికలు, మెలికల మధ్య ఆకుపచ్చ చుక్కలు. మాండరిన్ అంటారు దాన్ని. కొత్త రంగుల డబ్బా దొరికిన పిల్లకాయ ఏ రంగుకీ అన్యాయం జరక్కూడదని పంతం పట్టి పూసినట్టుంటుంది. మన కుర్రాడు దాన్ని చూసి అక్కడికక్కడే పడిపోయాడు. పడిపోవడం అతనికి అలవాటే. ఇదివరకు గిటారు చూసి పడిపోయాడు, డంబెల్స్ చూసి పడిపోయాడు, ఒకసారి కేకులు చేసే ఓవెన్ చూసి కూడా పడిపోయాడు. అవన్నీ ఇప్పుడు అటక మీద ఒకదాన్నొకటి ఓదార్చుకుంటున్నాయి.

"అమ్మా డాక్టరమ్మా, నీకు దణ్ణం పెడతా. నా బోణీ చెడగొట్టకు," అన్నాడు కొట్టు యజమాని. అతన్ని అందరూ సముద్రుడు అంటారు. మనిషిలో ఉప్పదనం ఉంది, లోతు లేదు.

"సాయంత్రమైంది. ఇంకా బోణీ ఏమిటి?"

"నువ్వు వచ్చిన రోజు నాకు బోణీ అవదమ్మా."

ఆమె కుర్రాడి వైపు తిరిగింది. "మీ తొట్టి పెట్టి ఎన్నాళ్ళయింది?"

"నిన్ననే!" అన్నాడు గర్వంగా. "ఫస్ట్ క్లాస్ తొట్టి. నీలం లైట్లు. రిమోట్ కూడా ఉంది."

"ఈ చేప లైట్లు తింటుందా? రిమోట్ నంజుకుంటుందా?"

 అతనికి బాగా తిట్టే మాటలు ఎప్పుడూ ఇంటికెళ్ళి చెప్పులు విప్పాకే తోస్తాయి.

"ఇది రాళ్ళ మీద పాకే పురుగుల్ని తింటుంది. కంటికి ఆనీ ఆననంత చిన్నవి. పొద్దస్తమానం ఏరుకుంటూ తింటూనే ఉండాలి. ఆ పురుగులు పుట్టి పెరగాలంటే ముందు మీ నీళ్ళు మాగాలి. ఏడాది పైనే పట్టొచ్చు."

"నీళ్ళు మాగడమేంటండీ? అవేమన్నా పళ్ళా?"

"పళ్ళ సంగతి నా దగ్గర మాట్లాడకండి. నేను పళ్ళ డాక్టర్ని," అని, ఉప్పు సంచీకి డబ్బు కట్టి, తలుపుని మోచేత్తో తోసుకుని వెళ్ళిపోయింది.

అతను పర్సు మూసేశాడు. అంత మాట విన్నాక కొనడానికి చెయ్యి రాలేదు. ఆ పిల్లని నిలువునా ఉప్పులో ఊరెయ్యాలనిపించింది.

మర్నాడు పొద్దున అతని కారులో డ్రైవింగు సీట్లో కూర్చుని ఉన్నది ఆ పిల్లే.

అతను డ్రైవింగు స్కూల్లో మాస్టారు. స్కూలు వాళ్ళమ్మది. ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిన మనిషి ఆవిడ. మిగతా సగం మంది ఆవిడని చూస్తే ఇప్పటికీ రోడ్డు పక్కకి తప్పుకుంటారు. నేర్చుకునేవాళ్ళ కార్లో మాస్టారి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, మనవాడు దాన్ని వాడినంతగా ఇంకెవరూ వాడరని అతనికి 'బ్రేకు' అన్న పేరు స్థిరపడిపోయింది. సొంత పేరు పెట్టి పిలిస్తే అతనే పక్కకి చూస్తాడు.

"మీరా?" అన్నాడు బ్రేకు.

"మీరా?" అంది డాక్టరమ్మ.

"మీ ఇద్దరికీ పరిచయమా?" అంది కిటికీలోంచి తొంగి చూస్తూ వాళ్ళమ్మ.

"లేదు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. వాళ్ళిద్దరికీ కుదిరిన మొదటి ఏకాభిప్రాయం అది.

డాక్టరమ్మతో అతని బ్రేకుకి పని పడలేదు. ఎందుకంటే బండి కదిలితే కదా! ఆమె అద్దాలు చూసుకుంటుంది. బెల్టు లాగి చూసుకుంటుంది. మళ్ళీ అద్దాలు చూసుకుంటుంది. పెళ్ళికి ముస్తాబయ్యే వాళ్ళు కూడా అన్నిసార్లు చూసుకోరు.

"డాక్టర్ గారూ, పోనివ్వండి."

"ఆ కుక్క రోడ్డు దాటుతుందేమో."

"అది పడుకుని ఉందండీ."

"లేస్తే?"

"లేచి, ఒళ్ళు విరుచుకుని, మనల్ని దాటుకుని వెళ్ళిపోతుంది. మనం ఇంకా ఇక్కడే ఉంటాం కాబట్టి దానికేం భయం లేదు."

సిగ్నలు దగ్గర పచ్చ లైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"పచ్చ పడిందండీ."

"చూశాను. అది మనకేనా?"

"మనకే."

"కచ్చితంగా?"

ఎర్ర లైటు పడింది. వెనక కారతను దిగి వచ్చి కిటికీ దగ్గర వంగాడు. బ్రేకు అతనికి నమస్కారం పెట్టి, "కొత్త కదండీ, మీరూ ఒకప్పుడు కొత్తవారే," అన్నాడు మెత్తగా. వచ్చినతను సణుక్కుంటూ వెళ్ళిపోయాడు. బ్రేకు డాక్టరమ్మ వైపు తిరిగి, "ఏం పర్లేదు. ఇంకోసారి పచ్చ వస్తుంది. లోకంలో దానికి కరువు లేదు," అన్నాడు.

ఆమె కళ్ళజోడు సర్దుకుని అతన్ని మొదటిసారి సరిగ్గా చూసింది. "ఇంత ఓపిక ఉందే మీకు! తొట్టి దగ్గర ఏమైంది ఇది?"

"ఇది నా పని. అది సరదా."

"మీకు సరదా. చేపకి కాదుగా."

 ఈ మాటకి జవాబు ఇంటికెళ్ళి చెప్పులు విప్పాక కూడా తోచలేదు.

అలా మొదలైంది. అతను కారు నేర్పాడు, ఆమె నీళ్ళు నేర్పింది. తొట్టి చూడ్డానికి ఒకరోజు ఇంటికి వచ్చింది. వేలి పొడవు గాజు గొట్టాల్లో తొట్టి నీళ్ళు పోసి, రెండు చుక్కలు మందు కలిపి, రంగు మారుతుంటే వెలుతురుకి ఎత్తి చూసింది. ముదురాకుపచ్చ.

"విషం," అంది సంతోషంగా. "బ్రహ్మాండం. మొదలైందన్నమాట."

"విషమైతే సంతోషమెందుకండీ?"

"ముందు ఈ విషం పుట్టాలి. తర్వాత దాన్ని తినే క్రిములు రాళ్ళ మీద పుట్టాలి. అవి పెరిగి, ఈ రంగు పసుపుకి దిగాక అప్పుడు చేపల మాట. అవునూ, నీళ్ళింత ఉప్పగా ఉన్నాయేం?"

"రోజూ కొంత తగ్గిపోతోంది కదా, మళ్ళీ ఉప్పునీళ్ళు కలిపి నింపుతున్నా."

"మాస్టారూ, ఆవిరయ్యేది నీళ్ళు. ఉప్పెక్కడికీ పోదు. తగ్గిన చోట మంచినీళ్ళు పొయ్యాలి. ఇలాగే ఇంకొన్నాళ్ళు పోస్తే చేపలక్కర్లేదు, ఊరగాయ పెట్టుకోవచ్చు."

నవ్వింది. దగ్గరగా నిలబడితే ఆమె దగ్గర లవంగాల వాసన వస్తుంది. పళ్ళ డాక్టర్లందరి దగ్గరా వస్తుందేమో. మిగతా డాక్టర్ల దగ్గర ఇంత దగ్గరగా అతనెప్పుడూ నిలబడలేదు.

వంటింట్లోంచి వాళ్ళ నాన్న గరిటెతో సహా వచ్చాడు. ఆ ఇంట్లో వంట ఆయనది, అరుపులు ఆవిడవి. "ఇందులో చేపలేవిరా?"

"లేవు నాన్నా."

"మరేమున్నాయి?"

"క్రిములు."

నాన్న కాసేపు రాళ్ళని చూశాడు. "ఆ లెక్కన మన ఫ్రిజ్ వెనక కూడా అక్వేరియమే," అని వెళ్ళిపోయాడు.

వారాలు గడిచాయి. తొట్టిలో రాళ్ళు, రెండు నత్తలు. చుట్టాలు వచ్చి చూసి, ఏమనాలో తెలియక, "రాళ్ళు బావున్నాయి," అని కాఫీ తాగి వెళ్ళేవాళ్ళు. మామూలుగా అయితే ఈపాటికి తొట్టి అటకెక్కాలి. ఎక్కలేదు. రోజూ రంగు చూస్తున్నాడు, మంచినీళ్ళు పోస్తున్నాడు, గాజు తుడుస్తున్నాడు. వాళ్ళమ్మకి అనుమానం వచ్చింది. కొడుకు ప్రేమిస్తున్నది రాళ్ళని కాదని.

ఒక మధ్యాహ్నం పాఠం మధ్యలో వాన పట్టుకుంది. ఉత్త వాన కాదు, ఎవరో పైనించి బకెట్లతో పందెం వేసుకుంటున్నట్టు. డాక్టరమ్మ వైపరు మీట వెయ్యబోయి ఇండికేటరు వేసింది, ఇండికేటరు ఆపబోయి హారను కొట్టింది.

"ఆపేద్దామా?" అంది.

"వాన ఆగేదాకా ఆగితే ఎప్పుడో వెళ్తాం. మెల్లగా పోనిస్తే ఇప్పుడే వెళ్తాం. నేనున్నాగా."

ఆమె పళ్ళు బిగించింది. రెండో గేరు. అద్దం మీద వైపర్లు అటూ ఇటూ తల ఊపుతున్నాయి. మూడో గేరు. నీళ్ళు రెండు వైపులా రెక్కల్లా లేచాయి.

"మూడో గేరు!" అని అరిచింది. "మాస్టారూ, మూడో గేరు!"

అతను రోడ్డు చూడాల్సింది. ఆమెని చూశాడు. మెరుస్తున్న కళ్ళు, ముక్కు చివర కళ్ళజోడు. 'చెప్పెయ్' అంది మనసు. "డాక్టర్ గారూ..." అన్నాడు. ఆ గొంతు వినగానే ఆమె క్లచ్ సంగతి మరిచి బ్రేకు పెడలు తొక్కేసింది. బండి ఒక ఎగురు ఎగిరి ఆగిపోయింది.

"ఏమన్నారు?"

"న్యూట్రల్‌లో పెట్టండి," అన్నాడు.

ఆమె లైసెన్సు పరీక్షకి ముందురోజు అతను సముద్రుడి కొట్టు మీదుగా వెళ్తూ లోపలికి తొంగి చూశాడు. అదే మాండరిన్. రంగులు అలాగే ఉన్నాయి కానీ పొట్ట లోపలికి పోయింది. తల పెద్దదై, ఒళ్ళు చిక్కి, గాజు మూల ఆనుకుని ఉంది. సముద్రుడు వేసిన గుళికలు పక్కనే పడి ఉన్నాయి. అది వాటి వంకైనా చూడట్లేదు.

అతని గుండె కరిగిపోయింది. ఆ కరగడంలో జాలి ఎంతో, రేపు డాక్టరమ్మ కళ్ళు మెరవడం చూడొచ్చన్న ఆశ ఎంతో, విడదీసి చెప్పడం కష్టం. కొనేశాడు. నీళ్ళ సంచీలో వేసి, సంచీకి రిబ్బను కట్టించి, నేరుగా ఆమె క్లినిక్‌కి వెళ్ళాడు.

కుర్చీలో ఒక పెద్దాయన నోరు తెరుచుకుని ఉన్నాడు. నోట్లో దూది, గొట్టం, డాక్టరమ్మ వేళ్ళు.

"సర్‌ప్రైజ్!" అన్నాడు బ్రేకు.

ఆమె తలెత్తింది. కళ్ళు మెరవలేదు.

"ఏమిటది?"

"మన మాండరిన్. చచ్చిపోయేలా ఉంటే కాపాడి తెచ్చా. మీకోసం. మీ తొట్టి ఏళ్ళనాటిది కదా, బోలెడు పురుగులుంటాయని..."

"మీరు కాపాడలేదు. ఇంకోదానికి టికెట్ కొన్నారు."

"టికెట్టేంటి?"

"ఈ చేప అమ్ముడుపోక చచ్చిపోతే సముద్రుడు ఇంకోటి తెప్పించడు. అమ్ముడుపోయింది కాబట్టి తెప్పిస్తాడు. ఈపాటికి ఫోన్ చేసే ఉంటాడు. ఎక్కడో సముద్రంలో హాయిగా పురుగులు ఏరుకు తింటున్న ఇంకో మాండరిన్ వలలో పడుతుంది, మీ జాలి పుణ్యమా అని!"

"ఆఁ... ఆఁ..." అన్నాడు కుర్చీలో పెద్దాయన. ఎవరి పక్షమో తెలియలేదు.

"అయితే దీన్ని అక్కడే చావనివ్వాలా?" అన్నాడు బ్రేకు. అతనికీ రోషం వచ్చింది. "మీకు రాయిలాంటి మనసు లెండి!"

"నా తొట్టిలో రౌడీ ఉన్నాడు. ఆ సంగతి మీకు తెలుసా?"

వెయిటింగు గదిలో ఆమె తొట్టి ఉంది. అందులో ఊదారంగు మీద నారింజ గీతలున్న చిన్న చేప ఒకటి, ఈ మూల నించి ఆ మూలకి గస్తీ తిరుగుతోంది. పేరు రౌడీ. తొట్టిలో పురుగన్నది కనపడనివ్వదు. కొత్త చేప వస్తే మూలకి తోసి పొడుస్తుంది.

"ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని," అంది డాక్టరమ్మ. ఇప్పుడామె గొంతులో కోపం తగ్గింది. అదే ఎక్కువ బాధగా ఉంది. "ప్రాణమున్నదాన్ని సర్‌ప్రైజ్‌గా ఇవ్వకూడదు మాస్టారూ. ఎదుటి మనిషికి వద్దనే వీలుండాలి. తెచ్చింది మీరు. చూసుకోవాల్సింది మీరే. తీసుకెళ్ళండి."

రిబ్బను కట్టిన సంచీతో అతను బయటికి వచ్చాడు. వెనకనించి పెద్దాయన ఇంకా "ఆఁ" అంటూనే ఉన్నాడు.

మర్నాడు పరీక్షలో ఆమె తప్పింది. పచ్చ లైటు దగ్గర. సాయంత్రం స్కూలుకి ఫోన్ చేసి, "మేడమ్, ఇకనించి మీరే నేర్పుతారా?" అని బ్రేకు వాళ్ళమ్మనే అడిగింది.

బ్రేకుకి ఆ వార్త వాళ్ళమ్మే చెప్పింది, అన్నంలోకి ఏం వెయ్యమంటావ్ అన్నంత మామూలుగా. అతను తినకుండా లేచి తొట్టి దగ్గరికి వెళ్ళాడు. రాళ్ళ మధ్య ఆ ఎండుకుపోయిన రంగుల చేప. దాని కళ్ళు తలకి పైన ఉంటాయి, రెండూ రెండు వైపులకి తిరుగుతాయి. ఒక కన్నుతో అతన్ని చూసింది.

"నాకేసి అలా చూడకు. నేనూ ఆకలితోనే ఉన్నా," అన్నాడు.

పొడిలా ఉండే రొయ్యగుడ్లు కొన్నాడు. ఉప్పునీళ్ళ సీసాల్లో వేసి గాలి పెడితే ఒకటి రెండు రోజుల్లో రొయ్యపిల్లలు పుడతాయి, ధూళి కణాలంత. పుట్టినవాటిని పుట్టినట్టు సన్నటి గొట్టంతో చేప మూతి ముందు వదలాలి. ఒకేసారి ఎక్కువ వేస్తే నీళ్ళు పాడవుతాయి, తక్కువ వేస్తే చేప పాడవుతుంది. రోజుకి అన్నిసార్లు ఇంటికి రావాలంటే ఉద్యోగం ఒప్పుకోదు. అందుకని పాఠాలన్నీ తన ఇంటి ముందుకి మార్చాడు. "ఇక్కడ పార్కింగ్ ప్రాక్టీస్ చెయ్యండి, ఇప్పుడే వస్తా," అని లోపలికి పరిగెత్తేవాడు. ఆ కాలంలో ఆ స్కూల్లో నేర్చుకున్నవాళ్ళకి మలుపు తిరగడం రాకపోవచ్చు. సందులో కారు ఇరికించడం మాత్రం ప్రాణం.

"ఎందుకురా ఈ అవస్థ?" అంది వాళ్ళమ్మ. "తీసుకెళ్ళి సముద్రంలో వదిలెయ్. పుణ్యమన్నా వస్తుంది."

"ఇది ఈ సముద్రం చేప కాదమ్మా. కొట్లో అంటించుకున్న రోగాలన్నీ తీసుకెళ్ళి అక్కడి చేపలకి పంచుతుంది. చస్తే దీనికి చేటు, బతికితే వాటికి చేటు. ఆ పుణ్యం నాకొద్దు."

"పోనీ నేను..." అన్నాడు వంటింట్లోంచి నాన్న.

"నాన్నా!"

"నేనేమీ అనలేదురా. వంకాయలు తరుగుతున్నా."

వాళ్ళమ్మ కొడుకుని కాసేపు చూసింది. అటకెక్కని మొదటి సరదా ఇది. లేచి వచ్చి గొట్టం అందుకుంది. "ఇలా తే. మధ్యాహ్నం వంతు నేనేస్తా. నీకంటే చెయ్యి వణక్కుండా ఉంటుంది."

చేప చావలేదు. అలాగని లావూ అవలేదు. ఈ తిండి దాని ప్రాణం పోకుండా ఆపుతోంది, దాన్ని నిలబెట్టడం లేదు.

అంతలో డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. సముద్రుడి కొట్లోకి కొత్త మాండరిన్లు వచ్చాయి. ఈసారి రెండు.

బ్రేకు వెళ్ళి బతిమాలాడు. "ఇంక తెప్పించకండి."

"నువ్వు కొన్నావ్, నేను తెప్పించా. ఇంకొకరు కొంటారు, మళ్ళీ తెప్పిస్తా. వ్యాపారమంటే అంతే నాయనా."

ఆదివారం పొద్దున బ్రేకు వచ్చి ఆ గాజు పెట్టె పక్కన నిలబడ్డాడు. ఎవరు చూపు వేసినా పలకరించడం మొదలుపెట్టాడు. సముద్రుడు ముందు దగ్గాడు. తర్వాత కసిరాడు. తర్వాత చీపురు తీసుకుని అతని కాళ్ళ చుట్టూ ఊడ్చాడు. కదల్లేదు. చివరికి ఫోన్ తీశాడు.

"డాక్టరమ్మా, మీ మాస్టారు నా కొట్లో సత్యాగ్రహం చేస్తున్నాడు."

"ఆయన నా మాస్టారు కాదు."

"ఎవరి మాస్టారైనా సరే, వచ్చి తీసుకుపో తల్లీ. ఇన్నాళ్ళూ నువ్వొక్కదానివే అనుకున్నా. ఇప్పుడు జంట అయ్యారు."

ఆ సమయానికి డాక్టరమ్మ, బ్రేకు వాళ్ళమ్మగారి దగ్గర పాఠంలో ఉంది. కొట్టు ముందు కారు ఆగింది. కుదుపు లేకుండా ఆగింది. ఇద్దరూ లోపలికొచ్చి, మందుసీసాల అర వెనక నిలబడిపోయారు. అవతల బ్రేకు ఒక భార్యాభర్తలతో మాట్లాడుతున్నాడు.

"మీ తొట్టి పెట్టి ఎన్నాళ్ళయిందండీ?" అంటున్నాడు.

"ఇంకా పెట్టలేదు. ఇవాళే అన్నీ కొందామని," అన్నాడు భర్త. "ఈ రంగుల చేప మా ఆవిడకి నచ్చింది."

"నాకూ నచ్చిందండీ. కొన్నాను. రోజూ దానికి నా చేత్తో తినిపిస్తున్నా. అయినా కోలుకోవట్లేదు. దానికి కావాల్సింది నా దగ్గర లేదు. నేను ముందు ఆలోచించాల్సింది. ఆలోచించలేదు." కాస్త ఆగి, "మీకు చేపలే కావాలంటే, ఆ మూల తెల్లచారల క్లౌన్ చేపలున్నాయి చూడండి. తొట్టిలోనే పుట్టి పెరిగినవి, సముద్రంలోంచి లాక్కొచ్చినవి కావు. వేసిన గుళికలు తింటాయి. కానీ ఇవాళ అవీ వద్దు. ఇవాళ రాళ్ళు కొనుక్కోండి, నీళ్ళు పరీక్ష చేసే కిట్టు కొనుక్కోండి. కొన్ని వారాలు రాళ్ళనే చూడండి. చుట్టాలు నవ్వుతారు. నవ్వనివ్వండి."

భార్యాభర్తలు మొహామొహాలు చూసుకున్నారు. రాళ్ళు కొన్నారు. చాలా రాళ్ళు కొన్నారు. పంపు, కిట్టు, ఉప్పు కూడా. బిల్లు కొడుతున్న సముద్రుడి కనుబొమ్మలు మెల్లగా పైకి పాకాయి.

"రాళ్ళలో ఇంత బేరముందా?" అని గొణిగాడు. బ్రేకు చూస్తున్నాడని గమనించి గొంతు సవరించుకున్నాడు. "మాట ఇవ్వను. పాత తొట్టి ఉన్నవాళ్ళు అడిగితేనే తెప్పించే సంగతి... ఆలోచిస్తా."

డాక్టరమ్మ అర వెనకనించి బయటికి వచ్చింది. బ్రేకు ఆమెని చూసి, చేప తిండి వేళ దాటుతోందేమోనని గోడ గడియారాన్ని చూసి, మళ్ళీ ఆమెని చూశాడు.

"చేపెలా ఉంది?" అంది.

"ఉంది. పొట్ట పూడలేదు."

"రోజుకి ఎన్నిసార్లు?"

"నాకు కుదిరినన్ని. మధ్యాహ్నం వంతు మా అమ్మ."

"ఆ రొయ్యపిల్లల్ని కూడా మేమే పెంచుతున్నాం తల్లీ," అంది వాళ్ళమ్మ. "బారసాల ఒక్కటే తక్కువ."

డాక్టరమ్మ నవ్వలేదు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది. కుక్క లేస్తుందేమోనని ఆగిపోయే మనిషి, పచ్చ లైటుని రెండుసార్లు అడిగే మనిషి, ఈసారి ఎవర్నీ ఏమీ అడగలేదు.

"రౌడీని నా తొట్టిలోంచి తీసేద్దాం. వాడు వెళ్తే రాళ్ళ సందుల్లో దాక్కున్న పురుగులు బయటికొచ్చి మళ్ళీ పెరుగుతాయి, మాండరిన్ అక్కడ బతుకుతుంది. రౌడీ మొండిఘటం, ఏం వేసినా తింటాడు. మీ తొట్టి ఇప్పుడు వాడికి సరిపోతుంది."

"రౌడీ అంటే మీకు..."

"నాలుగేళ్ళు. నా వేలి మీంచి తింటాడు." తన చూపుడు వేలు చూసుకుంది. "నాకిష్టమని ఉంచుకున్నా. వాడి వల్ల ఇంకే ప్రాణీ బతకదని తెలిసీ ఉంచుకున్నా. మీ ఇంట్లో ఉంటే వచ్చి చూసుకోనిస్తారుగా?"

"మా పిల్ల మీ ఇంటికి, మీ పిల్లాడు మా ఇంటికి," అంది వాళ్ళమ్మ. "కుండమార్పిడి సంబంధమన్నమాట."

ఇద్దరూ ఒకేసారి ఎర్రబడ్డారు.

క్లినిక్‌కి ఆదివారం సెలవు. ముందు ఇంటికెళ్ళి మాండరిన్‌ని సంచీలో ఎక్కించుకుని వచ్చారు. ఈసారి రిబ్బను లేదు. వాళ్ళమ్మ పళ్ళ కుర్చీలో వెనక్కి వాలి, "ఇది మా ఇంట్లో ఉంటే బావుణ్ణు," అని కళ్ళు మూసుకుంది. రెండు నిమిషాల్లో గురక.

రౌడీని పట్టడం వాళ్ళనుకున్నంత తేలిక కాలేదు. వల కనపడగానే రాళ్ళలోకి దూరిపోతాడు, వల తియ్యగానే వచ్చి వెక్కిరిస్తాడు. డాక్టరమ్మ పంటి వెనక చూసే బుల్లి అద్దం తెచ్చి రాళ్ళ సందుల్లో పెట్టి వెతికింది. బ్రేకు టార్చి పట్టుకున్నాడు. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా నీళ్ళలో. చివరికి ఒక ప్లాస్టిక్ సీసా మూతి కోసి, తిరగేసి దూర్చి, లోపల ఎర పెట్టి, తొట్టిలో పడుకోబెట్టి ఎదురు చూడ్డం మొదలుపెట్టారు.

"డాక్టర్ గారూ," అన్నాడు మెల్లగా. "ఒకటి అడగాలి. ఈసారి అడిగే చేస్తున్నా. మీకు వద్దనే వీలుంది."

ఆమె తొట్టి మీంచి చూపు తిప్పలేదు. "అడగండి."

"మీరంటే నాకిష్టం. పెళ్ళి చేసుకుందామా? ఇప్పుడే చెప్పక్కర్లేదు. ఆలోచించుకోండి. ఎన్నాళ్ళైనా సరే. నాకు తొందరేం లేదు."

"నాకుంది," అంది డాక్టరమ్మ.

"ఏముంది?"

"తొందర. ఆ వాన రోజు న్యూట్రల్‌లో పెట్టమన్నావు చూడు, ఆ రోజునించి ఉంది. అవునని చెప్తున్నా. మళ్ళీ చెప్పించుకోకు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు. తడి చేతులతోనే అతను ఆమె కళ్ళజోడు పైకి జరిపాడు. అద్దాల నిండా ఉప్పునీళ్ళు. ఆమెకేమీ కనపడక నవ్వింది. అతనికి ఆమె తప్ప ఏమీ కనపడలేదు. ఎవరూ చూడని ఆ నిమిషంలో రౌడీ సీసాలోకి దూరి ఎర తినేసి, బయటికి దారి తెలియక తిట్టుకుంటున్నాడు.

మాండరిన్‌ని మాత్రం తొందరపెట్టలేదు. సన్నటి గొట్టంతో చుక్క చుక్కగా తొట్టి నీళ్ళని సంచీలోకి జారవిడిచి, దాన్ని అలవాటు చేసి, సాయంత్రం ఎండ గదిలోకి వాలే వేళకి తొట్టిలోకి వదిలారు. అది అడుక్కి దిగి, చాలాసేపు కదలకుండా కూర్చుంది. కళ్ళు రెండూ రెండు వైపులకి తిప్పింది. తర్వాత ఒక రాయెక్కి, నోటితో ఠక్కున పొడిచింది. ఇంకోసారి. ఇంకోసారి.

"తింటోంది," అన్నాడతను గుసగుసగా. "ఎవరూ పెట్టకుండా తింటోంది!"

డాక్టరమ్మ సీసాలో ఉన్న రౌడీ వైపు చూసి ముక్కు ఎగబీల్చింది. లేచి, చేతులు తుడుచుకుని, పళ్ళ కుర్చీ దగ్గరికి వెళ్ళి భుజం మీద తట్టింది.

"లేవండి అత్తయ్యా. చీకటి పడకముందే రౌడీని ఇంటికి చేర్చాలి. బండి నేను తీస్తా."

వాళ్ళమ్మ గురక ఠక్కున ఆగింది. ఒక కన్ను తెరిచింది.

"అన్నావా ఆ ముక్క? హమ్మయ్య," అంది నడుం పట్టుకుని లేస్తూ. "మధ్యాహ్నం నించి నిద్ర నటించలేక చచ్చిపోతున్నా."